స్కోరు చూసి నిశ్చింత అని రాయకు

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

ఎముకల సాంద్రత కొలిచే స్కాన్ మీద నీ వ్యాసం చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. నన్ను ఆపింది ఒక్క మాటే: 'టీ-స్కోరు మైనస్ 2.5 కంటే పైన ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు.' టీ-స్కోరంటే మన ఎముక సాంద్రతను ఆరోగ్యంగా ఉన్న యువతతో పోల్చి స్కాన్ చెప్పే అంకె. అది మైనస్ 2.5కి, అంతకన్నా కిందికి దిగితే ఎముక గుల్లబారినట్టు; ఆ గీత 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసినదే. నిశ్చింత మాత్రం నువ్వు చేర్చావు. ఎముక విరిగినవాళ్లలో ఎక్కువమంది ఆ గీతకు పైన ఉన్నవాళ్లే. గీతకు కింద ఒక్కొక్కరికి ముప్పు ఎక్కువ, పైన మనుషుల సంఖ్య ఎక్కువ. అంతే తేడా.

మా అమ్మ చివరి రోజుల్లో గూట్లో ఉన్న పోపుల డబ్బా అందుకోలేకపోయేది. గూడు పైకి జరిగిందని మేము నవ్వేవాళ్లం. నడుము స్కాన్‌లో స్కోరు బాగానే వచ్చింది కూడా. తర్వాత ఎక్స్‌రే తీస్తే రెండు వెన్నుపూసలు నలిగి కనిపించాయి. ఎప్పుడు నలిగాయో ఆమెకే తెలియదు. నలిగిన పూసలో ఖనిజం ఒకచోట కుదించుకుంటుంది, అరుగుదలతో అంచుల్లో కొత్త ఎముక పెరుగుతుంది. యంత్రం ఆ రెండింటినీ బలం కిందే లెక్కేసింది. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

నువ్వు ఫ్లోరైడ్ పేరే ఎత్తలేదు! ఉమ్మడి అనంతపురం జిల్లాలో పుట్టి, బోరు నీళ్ల కథలు వింటూ పెరిగి, ఎముకల మీద రాస్తూ దాన్ని వదిలేశావంటే, వ్యాసం ఎక్కడినుంచో తెచ్చుకున్నావని నా అనుమానం. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగినవాళ్ల వెన్నెముక స్కాన్‌లో దట్టంగా కనిపించవచ్చు. ఆ దట్టం బలం కాదు. 1990లో అమెరికాలో వెలువడిన ఒక పరీక్ష ఫలితం చూడు: ముట్లు ఆగిన స్త్రీలకు సోడియం ఫ్లోరైడ్ ఇస్తే నడుము సాంద్రత నాలుగేళ్లలో 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. స్కాన్ ఖనిజం ఎంతుందో తూస్తుంది, ఎలా అల్లుకుందో చెప్పదు. నీ వ్యాసానికి గుండెకాయ ఇక్కడే ఉంది.

మధుమేహం గురించి రెండు వాక్యాలు చాలు: రెండో రకం మధుమేహంలో స్కోరు మామూలుగానే ఉన్నా ఎముక విరుగుతుంది. స్కాన్ బొమ్మ నుంచే లోపలి అల్లికను అంచనా వేసే టీబీఎస్ అలాంటిచోట కొంత సాయపడుతుంది.

2008లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం తెచ్చిన ఫ్రాక్స్ లెక్క రాబోయే పదేళ్లలో ఎముక విరిగే అవకాశాన్ని శాతంలో చెబుతుంది. వయసు, బరువు, ఇదివరకు ఎముక విరిగిందా, అమ్మానాన్నల్లో ఎవరికైనా తుంటి విరిగిందా, పొగ, మద్యం, స్టెరాయిడ్ మాత్రలు అడుగుతుంది. స్కాన్ లేకపోయినా పనిచేస్తుంది. కానీ దాని మూల లెక్కలో స్టెరాయిడ్‌కు అవును, కాదు అనే రెండే గళ్లు, మోతాదు లేదు. ఎన్నిసార్లు పడ్డారన్నదీ లేదు. మోకాళ్ల నొప్పికి ఇచ్చిన మాత్రలో స్టెరాయిడ్ ఉందో లేదో తెలియకుండానే మింగే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో నీకూ తెలుసు.

అందుకే ఈసారి యంత్రంతో మొదలుపెట్టకు. మీ అవ్వను అడుగు: పోయిన ఏడాది ఎన్నిసార్లు తూలిపడింది? కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలదా? వయసులో ఉన్నప్పటి ఎత్తుకు, ఇప్పటికి తేడా ఎంత? నాలుగు సెంటీమీటర్లు తగ్గితే వెన్ను ఎక్స్‌రే తీయాలా అని డాక్టరును అడగమని రాయి. కొత్త ప్రతి చేతిరాతతోనే పంపు, అచ్చులో నీ కొట్టివేతలు కనిపించవు.

ఉంటాను.