ఊరికి మారిన మొదటి ఏడాది ఏం రాసుకోవాలి?

"వచ్చే వేసవిలో హైదరాబాద్ వదిలి మా అత్తగారి ఊరికి మారుతున్నాం. మొదటి ఏడాదంతా రోజూ రాసుకోవాలని ఉంది. ఏం రాయాలి? రాయడం వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా?" అని మీరు అడిగారు. ఇది చదవగానే లేచి వెళ్లి నా మొదటి ఏడాది నోటుబుక్కు తెచ్చుకుని ముందు పెట్టుకున్నాను. ఉపయోగం ఉంటుందండీ. నాకు మాత్రం నేను అనుకున్న పేజీల్లో కాకుండా, వేరే పేజీల్లో దొరికింది.

మాది తాండూరు దగ్గర ఊరు. 2023 మే చివర్లో, రోహిణి కార్తె ఎండల్లో దిగాం. మామగారు కట్టించిన నాపరాళ్ల ఇల్లు, మూడెకరాల నల్లరేగడి, చేను చివర ఒక పాత బావి. మా ఆయన ఉద్యోగం ఇంటి నుంచే చేసుకునేది కాబట్టి జీతం ఆగలేదు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే మొదటి ఏడాది పంట మీద ఇల్లు గడవాలి అనుకుంటే నా అనుభవం మీకు సరిపోదు.

మొదటి ఇరవై పేజీల్లో కోయిల ఉంది, వేపచెట్టు నీడ ఉంది, ఆరుబయట మంచం వేసుకుని చూసిన చుక్కలు ఉన్నాయి, "ప్రశాంతత" అనే మాట పదకొండు సార్లు ఉంది. అవి రాసేటప్పుడు నిజంగానే అలా అనిపించింది. కానీ ఇప్పుడు చదివితే అది ఏ ఊరో తెలియదు. వేపచెట్టు ఎక్కడైనా ఉంటుంది. ఆ పేజీలు నా సంతోషం గురించి చెప్తాయి గానీ ఊరి గురించి ఒక్క ముక్క చెప్పవు.

మార్పు వానతో వచ్చింది. ఆ ఏడాది రుతుపవనాలు ఆలస్యం. కేరళను తాకిందే జూన్ 8న. మృగశిర మొదలైన రోజు అది. మా దగ్గర చినుకు పడేసరికి ఆరుద్ర కార్తె వచ్చేసింది. ఇంటి ముందు తడి మట్టి మీద ఎర్రటి మఖ్మల్ గుడ్డ ముక్కల్లా పురుగులు పాకుతుంటే "ఎర్ర పురుగులు, చాలా అందంగా ఉన్నాయి" అని రాశాను. పక్కింటి పిల్లవాడు నా భుజం మీదుగా తొంగి చూసి, "ఆరుద్ర పురుగులు అంటరు ఆంటీ, మళ్ల కనవడయ్" అన్నాడు. పేరులోనే కార్తె ఉంది. ఎప్పుడొస్తాయో, ఎంతకాలం ఉంటాయో ఆ ఒక్క మాటలో ఉంది. ఆ రోజు నుంచి పేజీలో ఎడమ వైపు ఒక గడి గీసి, ఊళ్లో వాళ్లు ఏ పేరుతో పిలుస్తారో అందులో రాయడం మొదలుపెట్టాను.

అదే వారం వానను కొలిచే ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెప్పించి పెరట్లో బిగించాను. మొదటి వాన 14 మిల్లీమీటర్లు. సంబరంగా పక్క చేను పెద్దాయనకు చెప్పాను. ఆయన కాదనలేదు, అవుననలేదు. గడ్డపారతో చేలో ఒక చోట పెళ్లగించి, వేళ్లు పెట్టి చూసి, "రెండేళ్లు తడిసింది" అన్నారు. ఏళ్లంటే వేళ్లు. తర్వాతి వానకు నాలుగేళ్లు. ఇలా నేను మిల్లీమీటర్లు, ఆయన వేళ్లు. రెండూ పక్కపక్కనే రాస్తూ పోయాను. నా లెక్క మొత్తం 66కు చేరిన రోజు ఆయన చేయి పెట్టి చూసి, "జానెడు దిగింది, ఇగ పెట్టుకోవచ్చు" అన్నారు. రేగడి లాంటి బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తనం వేయమని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్తుంటారు. ఆయన ఆ అంకె ఎప్పుడూ వినలేదు. అయినా ఆయన జానెడు, వాళ్ల అంకె ఒక్క చోటికే వచ్చాయి. నా నోటుబుక్కులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ అది. జూలై మొదటి వారంలో కంది, మధ్య సాళ్లలో పెసర వేశాం.

జూలై నెలాఖరులో రాష్ట్రమంతా ముసురు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 64 సెంటీమీటర్లకు పైగా పడింది. మా దగ్గర అంత లేదు, కానీ మూడు రోజులు చేలో కాలు పెట్టలేకపోయాం. ఆ తర్వాత ఆగస్టు. వాన గడిలో సున్నా, సున్నా, సున్నా. దేశం మొత్తానికి 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదని తర్వాత వార్తల్లో చదివాను. అప్పుడు మాత్రం మా చేను ఒక్కదానికే ఇలా జరుగుతోందని అనిపించేది. రేగడి నెర్రెలు విచ్చింది. పెసర నాలుగు కాయలు కాసి ఎండిపోయింది. కంది వేరు లోతుకు పోతుంది కాబట్టి అది తల వాల్చి అలాగే నిలబడింది.

ఆ టెన్షన్‌లో మేము పెద్ద తప్పు చేశాం. మీకు ఈ సంగతి చెప్పాలనే ఇంత రాస్తున్నాను. ఆగస్టు మూడో వారంలో ఎవరినీ అడగకుండా ఇంటి వైపు గట్టు దగ్గర బోరు వేయించాం. కొబ్బరికాయ పట్టుకుని తిరిగిన మనిషి ఇక్కడే నీళ్లున్నాయని చూపించాడు, బండి వచ్చింది, రాత్రంతా తోలింది. 400 అడుగులకు కూడా దుమ్మే. లక్షకు దగ్గరగా పోయింది. పొద్దున్నే ఎదురింటి అవ్వ వచ్చి ఆ తెల్ల దుమ్ము చూసి నెత్తిన చేయి పెట్టుకుంది. "ముందుగాల ఒక్క మాట అడిగితే చెప్తుంటి గద బిడ్డా. ఆ దిక్కు రెండు ఏసి పూడిస్తిరి. నీ మామ బతికున్నప్పటి ముచ్చట."

మా వైపు కింద పలకలు పేర్చినట్టు నాపరాయి ఉంటుంది. రాతిలో పగులు దొరికిన చోటే నీరు. ఎక్కడ దొరికింది, ఎక్కడ దొరకలేదు అన్నది ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఒక్క సాయంత్రం అవ్వ అరుగు మీద కూర్చుని అడిగి రాసుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది. ఆ బోరు గొట్టానికి ఆ పూటే ఇనుప మూత బిగించాం. ఊళ్లో పిల్లలు తిరిగే చోటు, ఒక్క గంట కూడా తెరిచి ఉంచకూడదు.

ఆ తర్వాత నుంచి ప్రతి ఆదివారం పాత బావి దగ్గరికి వెళ్లి, నీటి పైన ఎన్ని మెట్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి రాయడం మొదలుపెట్టాను. సెప్టెంబర్ మొదటి వారంలో పుబ్బ కార్తె వానలు తిరిగొచ్చాక ఏడు మెట్లు. సంక్రాంతికి పదకొండు. మరుసటి మే చివరికి పంతొమ్మిది, అయినా అడుగున మనిషి మునిగేంత నీళ్లున్నాయి. ఇంటికి, పెరటికి ఆ బావే సరిపోతుందని మాకు అప్పుడు అర్థమైంది. వేసవి చూడకుండా నీళ్ల మీద పైసా ఖర్చు పెట్టకండి.

రెండో తప్పు డబ్బుకు సంబంధించింది కాదు, కానీ నన్ను ఎక్కువ బాధ పెట్టింది. సెప్టెంబర్‌లో కలుపు తీయించినప్పుడు గట్లు కూడా శుభ్రం చేయమని కూలీకి వచ్చిన ఆడవాళ్లకు చెప్పాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మొత్తం తీయాల్నా?" అని ఒకామె అడిగింది కూడా. తీయమన్నాను. ఫొటో తీసుకున్నాను, చేను ఎంత నీటుగా ఉందో అని. అక్టోబర్ 14న ఎంగిలిపూల బతుకమ్మ, అంటే పండుగ మొదటి రోజు. పొద్దున్నే నలుగురు అమ్మాయిలు సంచులు పట్టుకుని మా గట్టుకు వచ్చి, చూసి, ఏమీ అనకుండా పక్క చేనుకు పోయారు. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు ఏటా మా గట్టు మీదే బాగా వస్తుందట. అత్తమ్మ ఉన్నప్పుడు వాళ్ల కోసమని ఆ వరస వదిలేసేదట. తంగేడు దొరుకుతుంది, గునుగు లేకుండా బతుకమ్మ ఎట్లా పేరుస్తారు? ఆ సాయంత్రం నేను ఆడటానికి వెళ్లాను గానీ పాట నోట్లోకి రాలేదు. కలుపు తీసిన నాటి పేజీలో "మొత్తం తీయాల్నా?" అన్న ఆ ప్రశ్న నేనే రాసి పెట్టాను. రాశాను గానీ వినలేదు.

అందుకే మీకు నా సలహా ఇది: మీకు ఎవరైనా తిరిగి ప్రశ్న వేస్తే ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు రాయండి. రాసి, ఆ రాత్రి ఇంకోసారి చదవండి. ఊళ్లో మనల్ని ఎవరూ మొహం మీద వద్దనరు. పట్నం కోడలు నొచ్చుకుంటుందని ప్రశ్నలా అడిగి ఊరుకుంటారు.

ఏం రాయకూడదో కూడా చెప్పాలి. అవ్వ రోజూ సాయంత్రం వచ్చి, "ఏం రాస్తవ్ బిడ్డా గంత సేపు?" అనేది. ఒక రోజు, "నా ముచ్చట గిట్ల రాసినవా? సదువు, ఇంట" అంది. చదివాను. జొన్నరొట్టె తట్టేటప్పుడు పిండిలో వేడినీళ్లు ఎన్ని పోయాలో ఆమె చెప్పింది చదివితే నవ్వింది. బావుల సంగతి చదివితే రెండు చోట్ల సరిదిద్దింది. తర్వాతి పేజీలో వాళ్ల ఇంటి అన్నదమ్ముల గొడవ గురించి ఆమె ఏడుస్తూ చెప్పింది ఉంది. అది కూడా చదివేశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "అది నీకు చెప్పిన బిడ్డా, బుక్కుకు గాదు" అంది. ఆమె ముందే ఆ పేజీ చింపి పొయ్యిలో వేశాను. అప్పటి నుంచి వాన, మట్టి, చెట్టు, వంట, పురుగు, ధర, ఇవే రాస్తాను. ఇళ్ల లోపలి సంగతులు రాయను.

ఇలా చెప్తే ఏడాదంతా నష్టాలే అనుకుంటారేమో. అలా కాదు. 2024 జనవరి 11న, మార్గశిర అమావాస్య, మా వైపు ఎల్లామాస అంటారు. తాండూరు, జహీరాబాద్, అవతల కర్ణాటక కలబురగి వైపు రైతులు చేసుకునే పండుగ. హైదరాబాద్‌లో ఇన్నేళ్లున్నా ఈ పేరు నేను వినలేదు. ముందు రోజు రాత్రే ఆడవాళ్లంతా మా ఇంటికొచ్చి కూరగాయలు తరిగారు. చిక్కుడు గింజలు, పచ్చి శనగలు, కంది కాయలు, వంకాయ, దొరికిన ఆకుకూరలన్నీ కలిపి వండే భజ్జి కూర, సజ్జ రొట్టెలు. పొద్దున గంపల్లో పెట్టుకుని చేలోకి వెళ్లి, ఐదు రాళ్లు పెట్టి పాండవులుగా మొక్కి, అందరం చెట్టు కింద కూర్చుని తిన్నాం. దారిన పోయే వాళ్లను కూడా పిలిచి పెట్టారు. ఆ రోజు పేజీలో కూరలో ఏమేం పడ్డాయో, ఎవరు ఏం తెచ్చారో మాత్రమే రాశాను. "ప్రశాంతత" అన్న మాట లేదు. కానీ ఇప్పుడు చదివినా ఆ ఎండ వీపుకు తగులుతుంది.

ఆ వారంలోనే కంది కోశాం. మూడెకరాలకు ఎనిమిది క్వింటాళ్లు. తక్కువే. పూత మీద మబ్బు పట్టి కాయతొలిచే పురుగు వచ్చింది, ఆగస్టు ఎండ ఎటూ ఉండనే ఉంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, పప్పు తొందరగా ఉడుకుతుంది, రుచి వేరు. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 7,000 అయితే మార్కెట్లో అంతకంటే బాగానే పలికింది, అందుకే ఖర్చులు వచ్చాయి. ఒక బస్తా ఇంటికి ఉంచుకున్నాం.

పాముల గురించి అడగలేదు గానీ చెప్పేస్తాను. మొదటి ఏడాది నాలుగు సార్లు చూశాను, అందులో ఒకటి రక్తపింజరి. రాత్రి టార్చ్ లేకుండా, కాళ్లకు బూట్లు లేకుండా గడప దాటకండి. కాటు పడితే మంత్రాలు, కోయడాలు వద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. మీకు దగ్గర్లో అది ఎక్కడ ఉంటుందో ముందే కనుక్కుని నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి.

ఇప్పుడు మీరు అడిగిన "రోజూ" గురించి. నేను రోజూ రాయలేదు. పుష్యమి కార్తె ముసురులో పది రోజులు, ఇంకోసారి రెండు వారాలు ఒక్క అక్షరం లేదు. తర్వాత గుర్తు తెచ్చుకుని పూరించాలని చూశాను గానీ అవి అబద్ధపు పేజీలు అయ్యాయి, కొట్టేశాను. ఖాళీ ఉంటే ఖాళీగానే వదిలేయండి. వాన గడి, బావి మెట్లు మాత్రం తప్పించకండి, వాటికి రెండు నిమిషాలు చాలు.

రెండో ఏడాది ఆరుద్రకు అదే పిల్లవాడు ఎర్ర పురుగును ఆకు మీద పెట్టుకుని తెచ్చి చూపించాడు. నోటుబుక్కు తిరగేస్తే నిరుటి తేదీకి మూడు రోజులే తేడా. ఈసారి గట్టు మీద గునుగు ముట్టుకోలేదు. బతుకమ్మకు అమ్మాయిలు సంచులు నింపుకుని వెళ్తూ నాక్కూడా ఒక కట్ట గుమ్మంలో పెట్టి పోయారు.

మీ అత్తగారి ఊరు ఏ వైపో, ఎర్ర చెలకో రేగడో రాయలేదు. రాస్తే ఇంకొంచెం చెప్పగలను. వాన గొట్టం మాత్రం సామాను సర్దేటప్పుడే కొని పెట్టుకోండి, మృగశిరలోపే బిగించుకోవచ్చు. అత్తగారిని కూర్చోబెట్టి, ఊళ్లో ఏ బావి ఏ వేసవికి ఎండిందో ఇప్పుడే అడిగి రాసుకోండి.