బ్లాక్‌చెయిన్ నేర్చుకుంటే మా అమ్మాయి భవిష్యత్తు ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. కొన్ని నెలలుగా బ్లాక్‌చెయిన్ తప్ప వేరే మాట లేదు. సర్టిఫికెట్లు నమోదు చేసే స్మార్ట్ కాంట్రాక్ట్ ఒకటి రాసింది. అందులో కొన్ని పనులు ఓనర్ మాత్రమే చేయగలడట. ఇందులోనే ఉద్యోగం చూసుకుంటానంటోంది. అదంతా గాలిబుడగ అని సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నా స్నేహితుడు అంటున్నాడు. టెన్షన్‌తో ల్యాప్‌టాప్ తీసి దాచాను. జావా, వెబ్ వైపు మళ్లించాలా? రెండింటినీ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను, కాస్త ఆగండి. ఇలాంటి ఉత్తరం నాకు కొత్త కాదు. రంగం పేరు మారుతుంది తప్ప ప్రశ్న మారదు. 'ఇది నిలబడుతుందా' అని అడిగేవాళ్లలో చాలామందికి ఆ రంగం గురించి కన్నా, పిల్లలు తమకు తెలియని దారిలో పోతున్నారన్న బెంగే ఎక్కువ. అందుకే ముందు మీ అమ్మాయి ఏం రాసిందో చెబుతాను. అది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

బ్లాక్‌చెయిన్ అంటే ఎన్నో కంప్యూటర్లు కలిసి రాసుకునే ఉమ్మడి చిట్టా. స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే దాని మీద నడిచే ప్రోగ్రాం. మామూలు ప్రోగ్రాం ఏదో కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఇది అందరికీ అందుబాటులో ఉంటుంది, దీని పబ్లిక్ ఫంక్షన్లను (ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే భాగాలను) ఎవరైనా పిలవొచ్చు, అంటే నడిపించొచ్చు. సర్టిఫికెట్ చేర్చే ఫంక్షన్‌కు కాపలా లేకపోతే ఎవరు పడితే వాళ్లు తమకు తామే పట్టా ఇచ్చేసుకుంటారు. అందుకే 'ఓన్లీఓనర్' అనే మాడిఫయర్, అంటే ఫంక్షన్‌కు తగిలించే షరతు, పెడతారు. పిలిచిన ఖాతా అడ్రస్, కోడ్‌లో ఎంఎస్‌జీ డాట్ సెండర్ అనేది, కాంట్రాక్ట్‌లో రాసి ఉన్న ఓనర్ అడ్రస్సేనా అని అది చూస్తుంది. కాకపోతే ఆ లావాదేవీ అక్కడికక్కడే రద్దు.

రెండు మూడు లైన్ల కోడ్, ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ 2017 జులైలో ఏమైందో చూడండి. ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద పారిటీ అనే సంస్థ మల్టీసిగ్ వాలెట్లలో (ఒకరికి మించి సంతకం చేస్తేనే డబ్బు కదిలే ఖాతాల్లో) ఓనర్లను నిర్ణయించే ఫంక్షన్‌కు ఆ కాపలా లేదు. ఎవరో దాన్ని పిలిచి, ఓనర్‌గా తమ అడ్రస్ రాసుకుని, లక్షన్నరకు పైగా ఈథర్ (ఇథీరియంలో చెల్లే క్రిప్టో నాణెం) పట్టుకుపోయారు. దాన్ని సరిచేసి కొత్తది పెట్టారు. నవంబర్ వచ్చేసరికి ఇంకో లోపం బయటపడింది. ఆ వాలెట్లన్నీ ఆధారపడిన లైబ్రరీ కాంట్రాక్ట్‌కు, అంటే వాటన్నిటికీ ఉమ్మడి కోడ్‌కు, అసలు ఓనర్‌నే నియమించకుండా వదిలేశారు. ఒకరు వచ్చి దానికి ఓనర్ అయ్యారు, తర్వాత దాన్ని చెరిపేశారు. ఐదు లక్షలకు పైగా ఈథర్ ఎవరూ తీసుకోలేకుండా ఇరుక్కుపోయింది, చెరిపినవాడికీ దక్కలేదు.

రుబిక్సి అనే కాంట్రాక్ట్ కథ ఇంకా విచిత్రం. స్మార్ట్ కాంట్రాక్టులు రాసే భాష సాలిడిటీ. దాని పాత వెర్షన్లలో కాంట్రాక్ట్ పేరూ కన్‌స్ట్రక్టర్ (మొదట్లో ఒక్కసారే నడిచే కోడ్) పేరూ ఒకటే ఉండాలి. దాన్ని రాసినవాళ్లు కాంట్రాక్ట్ పేరు మార్చి, కన్‌స్ట్రక్టర్ పేరు మార్చడం మరిచిపోయారు. దాంతో ఓనర్‌ను నియమించే కోడ్ కాస్తా ఎవరైనా పిలవగల మామూలు ఫంక్షన్ అయి కూర్చుంది. ఆ పాత పద్ధతి సాలిడిటీ 0.5.0 నుంచి చెల్లదు.

'ఈ పని చేసే హక్కు ఎవరికుంది' అని ప్రతి ఫంక్షన్ దగ్గరా ఆగి అడగడం మీ అమ్మాయి నేర్చుకుంటోంది. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కైనా ఆసుపత్రి రికార్డులకైనా కావలసింది ఇదే. బ్లాక్‌చెయిన్ మోజు రేపు తగ్గిపోయినా ఈ చదువు వృథా కాదు.

అయితే ఈ రంగం మీద నాకు అనుమానాలున్నాయి, అవి ఆమెకు నచ్చకపోవచ్చు. ఇక్కడ ఉద్యోగాలు క్రిప్టో ధరలతో లేస్తాయి, వాటితోనే పడతాయి. 2022లో టెర్రా అనే క్రిప్టో కుప్పకూలి, ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ దివాలా తీసిన ఏడాది ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి. పైగా ఒకసారి పెట్టాక సరిదిద్దడం కష్టమైన కోడ్‌ను అనుభవం లేనివాళ్ల చేతికి ఎవరిస్తారు? కొన్ని చోట్ల జీతంలో కొంత సొంత టోకెన్లలో, అంటే కంపెనీ తానే సృష్టించిన క్రిప్టో నాణేలలో, ఇస్తామంటారు. ఆ టోకెన్‌ను ఎంతైనా ముద్రించే హక్కు ఓనర్‌కే ఉంటే మీ అమ్మాయి జీతం విలువ ఎవరి చేతిలో ఉన్నట్టు?

ఓన్లీఓనర్‌లో నాకు గిట్టనిది ఇదే. 'మధ్యవర్తులు లేరు, ఎవరినీ నమ్మక్కర్లేదు' అని ప్రచారం చేస్తారు. తీరా కోడ్ తెరిచి చూస్తే ఒకే ఒక్క అడ్రస్‌కు అమ్మకాలు ఆపే హక్కు, డబ్బంతా తీసుకునే హక్కు కనిపిస్తాయి. 2021లో స్క్విడ్ టోకెన్ కొన్నవాళ్లు దాన్ని అమ్ముకోలేకపోయారు, నడిపినవాళ్లు డబ్బుతో మాయమయ్యారు. ఇలాంటి కాంట్రాక్టులు రాసిపెట్టమని ఫ్రీలాన్స్ పేరుతో విద్యార్థులనూ అడుగుతారు. వద్దనడం ఆమెకు ఇప్పుడే రావాలి. ఇంటర్వ్యూ టెస్ట్ అంటూ పంపిన కోడ్‌ను నడిపితే వాలెట్ ఖాళీ అయ్యే మోసాలూ ఉన్నాయి.

ఆమె ప్రాజెక్టు మీద కూడా ఒక సందేహం ఉంది. సర్టిఫికెట్లు చేర్చేది ఒకే కాలేజీ, ఓనర్ ఒక్కరే అయితే మామూలు డేటాబేస్ సరిపోదా? ఆమె దగ్గర దీనికి జవాబు ఉండాలి. 'డేటాబేసే చాలు' అన్నా నాకు సంతోషమే.

ఇక మీరు అడిగిన పోలిక. జావా, వెబ్‌లో అవకాశాలు ఎక్కువ, మొదటి ఉద్యోగం తొందరగా దొరుకుతుంది, ఒక కంపెనీ కాకపోతే ఇంకోటి. బ్లాక్‌చెయిన్‌లో చోటు తక్కువ, నిలకడ తక్కువ, కానీ ఇతరుల కోడ్‌లో లోపాలు పట్టే ఆడిట్ పని వచ్చినవాళ్లకు గిరాకీ ఉంది. ఒకటి వదిలితేనే రెండోది అన్న లెక్క లేదు. మొదటి ఉద్యోగం మామూలు బ్యాకెండ్‌లో (సర్వర్ వైపు పనిలో) చేస్తూ దీన్ని పక్కన కొనసాగించమనండి.

మిమ్మల్నీ ఒక మాట అడగాలి. ల్యాప్‌టాప్ దాచి ఏం సాధించారండీ? మీ ఉత్తరంలో స్నేహితుడి మాట ఉంది, మీ భయం ఉంది. అమ్మాయి పక్కన కూర్చుని 'ఇదేంటమ్మా, నాకూ చూపించు' అన్న జాడ మాత్రం లేదు. మూడో ఏడాదిలో ఎవరూ చెప్పకుండానే ఒక సమస్య ఎంచుకుని, పనిచేసే కోడ్ రాసిన పిల్ల ఆమె. 'మావాడు దేనిమీదా ఆసక్తి చూపడు' అని నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు మిమ్మల్ని చూస్తే అసూయపడతారు. మీ అమ్మాయి దారి తప్పలేదు. ఒకవేళ ఈ రంగం అచ్చిరాకపోయినా మళ్లడానికి ఆమెకు బోలెడంత సమయం ఉంది.

ల్యాప్‌టాప్ ఈరోజే తిరిగిచ్చి, నా తరఫున ఈ ప్రశ్నలు అడగండి. ఓనర్ కీ (ఓనర్‌గా సంతకం చేసే రహస్య సంకేతం) పోతే ఏం చేస్తావు? హక్కు వేరొకరికి బదిలీ చేసేటప్పుడు తప్పు అడ్రస్ ఇస్తే? (ఓపెన్‌జెపెలిన్ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీలో ఓనబుల్‌టూస్టెప్ ఉన్నది ఇందుకే. కొత్త ఓనర్ ఒప్పుకుంటే తప్ప బదిలీ పూర్తి కాదు.) ఒక్క కీ దొంగిలిస్తే అంతా పోకుండా, ముగ్గురిలో ఇద్దరు సంతకం చేస్తేనే పని జరిగేలా మల్టీసిగ్ వాలెట్‌ను ఓనర్‌గా పెట్టొచ్చు కదా? ఓనర్‌ను టీఎక్స్ డాట్ ఆరిజిన్‌తో, అంటే లావాదేవీని మొట్టమొదట మొదలుపెట్టిన అడ్రస్‌తో, పోల్చలేదు కదా? అలా పోలిస్తే, ఓనర్ చేత మాయచేసి వేరే కాంట్రాక్ట్‌ను పిలిపించి, దాని గుండా లోపలికి వచ్చేస్తారు. ఓనర్ కాని అకౌంట్‌తో పిలిస్తే తిరస్కరిస్తోందని టెస్ట్ రాశావా? ఓనర్ పిలిస్తే పనిచేస్తోందని చూపించి ఊరుకునే విద్యార్థులే ఎక్కువ. ఇంటర్వ్యూలో గట్టిగా అడిగేది మాత్రం ఆ తిరస్కరణ గురించే.

సాధనకు టెస్ట్‌నెట్ (ఉత్తుత్తి నాణేలతో నడిచే నెట్‌వర్క్) చాలు, అసలు డబ్బు అక్కర్లేదు. అసలు నెట్‌వర్క్‌లో పెడతానంటే, ఆ వాలెట్ ప్రైవేట్ కీ (పైన చెప్పిన రహస్య సంకేతం) పొరపాటున గిట్‌హబ్‌లోకి, అంటే కోడ్ దాచి పంచుకునే సైట్‌లోకి, ఎక్కలేదని ముందు ఆమె చేతే చూపించుకోండి.