మెల్‌బోర్న్‌లో ఇల్లు: తిరుపతి లెక్కలు ఎంతవరకు పనికొస్తాయి?

సెలవులకు తిరుపతి వస్తే ఇదివరకు ఎవరు కనబడినా వీసా ఎలా వస్తుంది, ఏ కోర్సు చేయాలి అనే అడిగేవాళ్ళు. ఇప్పుడు ప్రశ్న మారింది. ఎం.ఆర్.పల్లిలో పాల ప్యాకెట్ కోసం బయటికెళ్ళినా, "మా అబ్బోడు మెల్‌బోర్న్‌లో ఇల్లు తీసుకుంటాడంట, టార్నీట్ అంట, మంచి ఏరియానేనా నాయనా?" అంటున్నారు. అబ్బోళ్ళు కూడా ఫోన్ చేస్తున్నారు. వాళ్ళు అడిగేవి రెండే: అక్కడ మనవాళ్ళు ఉన్నారా, ఆ రేటుకు నాలుగు బెడ్‌రూములు వస్తాయా.

ఇదే కుటుంబం తిరుచానూరు వైపో అవిలాల వైపో ప్లాటు చూస్తే ఎన్ని ఆరాలు తీస్తుందో మనకు తెలుసు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందా, లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయా, వానొస్తే నీళ్ళు ఎటు పోతాయి, బోరు ఎన్ని అడుగులకు పడింది, స్కూలు బస్సు సందులోకి వస్తుందా. మెల్‌బోర్న్‌లో డిస్‌ప్లే హోమ్, అంటే బిల్డర్ చూపించే నమూనా ఇంటి తలుపు తీయగానే ఇవన్నీ మర్చిపోతాం. ఆ తెల్లటి వంటిల్లు, పెద్ద టీవీ గది చూసి సంతకం పెట్టేస్తాం. తిరుపతిలో అడిగే ఆ ప్రశ్నలు అక్కడ కూడా అడగాల్సినవే. పక్కన పెట్టాల్సిన అలవాట్లు వేరే ఉన్నాయి.

ముందు ఊరి పొడవు గురించి. వెరిబీ నుంచి పాకెన్‌హామ్‌కు 80 కిలోమీటర్ల పైమాటే. తిరుపతి నుంచి చిత్తూరు పోయినదానికంటే ఎక్కువ, అయినా రెండూ మెల్‌బోర్న్ కిందే లెక్క. పడమర టార్నీట్, ట్రుగనైనా, విండమ్ వేల్; ఉత్తరాన క్రెయిగీబర్న్, మికిల్‌హామ్; ఆగ్నేయంలో క్రాన్‌బర్న్, క్లైడ్, పాకెన్‌హామ్. కొత్తగా కొనే మనవాళ్ళు ఎక్కువగా ఈ అంచుల్లోనే కొంటున్నారు. కారణం డబ్బే, అందులో తప్పేమీ లేదు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో మొదటి ఇల్లు కొనేవాళ్ళకు 6,00,000 డాలర్ల వరకు స్టాంప్ డ్యూటీ పూర్తిగా మాఫీ, 7,50,000 వరకు కొంత తగ్గింపు. కొత్త ఇల్లయితే 10,000 డాలర్ల గ్రాంటు కూడా. ఈ లెక్కల్లో ఇమిడేది అంచుల్లోనే.

కానీ మీరు ఆగ్నేయాన ఉన్న క్లేటన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ టార్నీట్‌లో ఇల్లు కొన్నారనుకోండి. పొద్దున వెస్ట్‌గేట్ బ్రిడ్జి దాటాలి, తర్వాత మొనాష్ ఫ్రీవే. సాయంత్రం మళ్ళీ అదే. పెద్ద ఇల్లు వచ్చింది నిజమే, అందులో మీరు మెలకువగా ఉండే గంటలెన్ని? డాండెనాంగ్ సౌత్‌లో పని ఉన్నవాళ్ళు క్రాన్‌బర్న్‌లో కొంటే అర్థముంది. ట్రుగనైనా, డెరిమట్ గోదాముల్లో పనిచేసేవాళ్ళకు పడమరే సరి. సిటీ నడుమ డాక్‌లాండ్స్‌లో ఐటీ ఉద్యోగమైతే రైలు ఏదో చూసుకోవాలి.

రైలు అంటే అన్నీ ఒకటి కాదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. టార్నీట్ స్టేషన్ 2015లో తెరిచారు. అక్కడ ఆగేది జీలాంగ్ ఊరి లైన్ మీద నడిచే డీజిల్ వీలైన్ రైలు (దూరపు ఊళ్ళకు పోయేది), సిటీ మెట్రో కాదు. సిటీలోని సదరన్ క్రాస్ స్టేషన్‌కు తొందరగానే చేరుస్తుంది గానీ, రద్దీ వేళలో జీలాంగ్ నుంచే నిండి వస్తుంది. పాయింట్ కుక్‌లో అసలు స్టేషనే లేదు. విలియమ్స్ ల్యాండింగ్‌కో లావర్టన్‌కో కారేసుకుని పోవాలి, అక్కడ పార్కింగ్ దొరకాలంటే తెల్లారే బయల్దేరాలి. క్లైడ్‌కు లైన్ పొడిగిస్తామని ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు, ఇప్పటికీ రైలు క్రాన్‌బర్న్‌లోనే ఆగుతుంది. బ్రోచర్‌లో "రాబోయే స్టేషన్" అని రాస్తే దానికి నేను సున్నా విలువ కడతాను. ఉన్నదానికే డబ్బు ఇవ్వండి, రాబోయేదానికి కాదు. తిరుపతిలో మాస్టర్ ప్లాన్ రోడ్డు చూపించి ప్లాటు అమ్మినవాళ్ళ సంగతి మీకు కొత్తగా చెప్పాలా?

ఒక పని చేయండి. నచ్చిన సబర్బ్‌కు ఆదివారం మధ్యాహ్నం పోవద్దు, అప్పుడు ఏ ఊరైనా బాగుంటుంది. మంగళవారమో బుధవారమో ఉదయం ఏడున్నరకు ఆ వీధి నుంచి మీ ఆఫీసుకు పోయి చూడండి. పిల్లల్ని క్రెష్‌లో దించే దారి కూడా కలుపుకోండి. భార్య ఇప్పుడు ఉద్యోగం చేయకపోయినా రేపు చేస్తుంది. ఆమెకు ఎటువైపు పని దొరకొచ్చో ఆలోచించకుండా కొనేసి, తర్వాత "నీకు దగ్గర్లో ఏదైనా వెతుక్కో" అనే ఇళ్ళు చాలా చూశాను. వీలైతే ఆ సబర్బ్‌లోనే ఏడాది అద్దెకు ఉండండి. చలికాలం ఒకటి గడిస్తే ఊరు గుణం తెలిసిపోతుంది.

ఇక వాస్తు. దీని మీద తిరుపతిలో మాట్లాడితే తగువే, అయినా చెప్పక తప్పదు. ఆస్ట్రేలియా భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది, కాబట్టి అక్కడ సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో తిరుగుతాడు. చలికాలంలో ఎండ వచ్చేది ఉత్తరం కిటికీల్లోంచే. కొత్త ఎస్టేట్లలో బిల్డర్లు కట్టే ఇళ్ళకు ముందుభాగంలో గరాజు, ఒక పడకగది ఉంటాయి. మనం రోజంతా గడిపే వంటిల్లు, హాలు, పెరడు వెనక ఉంటాయి. ఇప్పుడు ఆలోచించండి: మనవాళ్ళు ఎగబడి కొనే ఉత్తరం సింహద్వారం ఇంటికి హాలు దక్షిణం వైపు పడుతుంది. అక్కడి చలికాలమైన జూన్, జూలైల్లో ఆ హాల్లో ఎండ పొడ తగలదు, హీటర్ బిల్లు వాచిపోతుంది. మనం "అమ్మో దక్షిణం ముఖం" అని వదిలేసే ఇంట్లోనేమో, వెనక హాల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ పడుతుంది.

నమ్మకం ఉన్నవాళ్ళను మారమని నేను అనను. మా అమ్మ కూడా దక్షిణం ముఖం ఇంట్లో పాలు పొంగించడానికి ఒప్పుకోదు. పైగా మనవాళ్ళు ఎక్కువున్న సబర్బ్‌లో తిరిగి అమ్మేటప్పుడు కొనేదీ మనవాళ్ళే, వాళ్ళూ దిక్కే చూస్తారు. మధ్యేమార్గం ఏమిటంటే తూర్పు ముఖం ప్లాటు తీసుకుని, హాలు కిటికీలు ఉత్తరం పక్కకు తెరుచుకునే ప్లాన్ ఎంచుకోవడం. ఒక్కటి మాత్రం ఎవరైనా గుర్తుపెట్టుకోవాలి: పడమటి గోడకు పెద్ద అద్దాలు పెట్టించుకోవద్దు. జనవరిలో 40 డిగ్రీలు దాటిన సాయంత్రం ఆ గదిలో కూర్చోలేరు.

స్కూళ్ళ విషయంలో అక్కడ పద్ధతి మనకు పూర్తిగా కొత్త. మన దగ్గర ఫీజు కట్టగలిగితే ఏ స్కూలైనా, బస్సు ఇంటి ముందుకే వస్తుంది. అక్కడ ప్రభుత్వ స్కూలు బాగుంటుంది, కానీ సీటు గ్యారంటీగా ఉండేది మీ అడ్రసు ఏ జోన్‌లో ఉంటే ఆ స్కూల్లోనే. గ్లెన్ వేవర్లీ సెకండరీ కాలేజీ జోన్‌లోని ఇంటికీ, దానికి అవతలి వీధి ఇంటికీ ధరలో తేడా ఉండేది అందుకే. విక్టోరియా ప్రభుత్వపు ఫైండ్ మై స్కూల్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరు కొట్టి చూడండి. ఏజెంటు నోటిమాట నమ్మవద్దు. కొత్త స్కూలు తెరిస్తే జోన్ గీతలు మారతాయి కూడా, కాబట్టి పిల్లకు మూడేళ్ళున్నప్పుడే హైస్కూలు జోన్ కోసం లక్ష డాలర్లు ఎక్కువ పెట్టడం నా లెక్కలో తొందరపాటు. మన పిల్లలు గురిపెట్టే సెలెక్టివ్ స్కూళ్ళకు జోన్‌తో పని లేదు, తొమ్మిదో తరగతిలో చేరడానికి పరీక్ష రాయాలి, అంతే. అవి నాలుగు: మెల్‌బోర్న్ హై, మ్యాక్‌రాబర్ట్‌సన్, బెర్విక్‌లో నాసల్, వెరిబీలో సుజాన్ కోరీ. పడమర ఉన్నవాళ్ళకు ఒకటి, ఆగ్నేయాన ఉన్నవాళ్ళకు ఒకటి దగ్గరే ఉన్నాయి.

2021 నవంబరులో తిరుపతిలో కురిసిన వాన గుర్తుందా? కాలనీలు మునిగి, కార్లు కొట్టుకుపోయిన వాన. ఆ తర్వాత ఇల్లు చూసేవాళ్ళంతా "ఆ వానకు ఇక్కడ నీళ్ళొచ్చాయా?" అనే మొదలుపెట్టారు. మెల్‌బోర్న్‌లోనూ అదే అడగాలి. 2022 అక్టోబరులో మరిబిర్నాంగ్ నది పొంగి ఇళ్ళల్లోకి వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ప్రతి అడ్రసుకూ ప్లానింగ్ ప్రాపర్టీ రిపోర్ట్ ఉచితంగా దొరుకుతుంది. అందులో వరద ఓవర్‌లే (ఆ స్థలానికి పెట్టిన ప్రత్యేక నిబంధన) ఉందా, విమానాల చప్పుడుకు సంబంధించిన ఓవర్‌లే ఉందా చూడండి. టుల్లమరీన్ విమానాశ్రయానికి రాత్రి కర్ఫ్యూ లేదు. ఇంకో చిట్కా: సంతకానికి ముందే ఆ ఇంటికి ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి. వరద భయం ఉంటే ప్రీమియం అంకె చూడగానే తెలిసిపోతుంది.

పడమర నేల గురించి కూడా ఒక మాట. అది అగ్నిపర్వతాల రాయి పరిచిన మైదానం, పైన ఉన్న బంకమట్టి మన నల్లరేగడిలాగే తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. అందుకే స్థలం, ఇల్లు కలిపి అమ్మే హౌస్ అండ్ ల్యాండ్ ప్యాకేజీలో సాయిల్ రిపోర్ట్ వచ్చాక పునాదికీ, రాయి తవ్వకానికీ అదనం అడుగుతారు. సైట్ కాస్ట్ ఫిక్స్‌డ్ అని కాగితం మీద రాయించుకోండి. 2023 మార్చి చివర్లో పోర్టర్ డేవిస్ అనే పెద్ద బిల్డర్ మూతపడితే వందల కుటుంబాలు సగంలో నిలబడ్డాయి. డిపాజిట్ కట్టేముందు మీ పేరు మీద బిల్డింగ్ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ వచ్చిందా లేదా చూసుకోవాల్సింది అందుకే.

మనవాళ్ళు ఉన్నారా అనే ప్రశ్నను నేను కొట్టిపారేయను. కాన్పు సమయంలో పథ్యం వండిపెట్టే పక్కింటి అక్క దొరకడం చిన్న సంగతి కాదు. కానీ నేను చూసినంతవరకు మన స్నేహితులు ఒకే సబర్బ్‌లో ఉండిపోరు. ఎవరి ఉద్యోగాన్ని బట్టి వాళ్ళు వెళ్ళిపోతారు. గుడి దగ్గరుండాలనే వాళ్ళూ ఉన్నారు, కారమ్ డౌన్స్ శివ విష్ణు ఆలయానికి పడమర నుంచి గంట పైనే ప్రయాణం అని బాధపడతారు. కొండ కింద పుట్టి ఏడాదికి ఎన్నిసార్లు పైకెళ్ళామో మనకు తెలియదా? దాని కోసం సబర్బ్ మార్చుకోనక్కర్లేదు.

అంతకంటే ముఖ్యం మీ అమ్మానాన్నలు. ఆరు నెలలకని వస్తారు, కారు నడపరు. తిరుపతిలో పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ రోడ్లలో నడిచి, టీ తాగి, నలుగురితో మాట్లాడి వచ్చే మనిషిని బస్సు రాని ఎస్టేట్ చివర నాలుగు బెడ్‌రూముల ఇంట్లో కూర్చోబెడితే మూడో వారానికి టికెట్ ముందుకు జరపమంటాడు. నడిచిపోయే దూరంలో ఒక పార్కు, ఒక లైబ్రరీ, నాలుగు దుకాణాలు, స్టేషన్‌కు పోయే బస్సు ఉన్న పాత సబర్బ్‌లో మూడు బెడ్‌రూముల ఇల్లే నా ఓటు. బాత్రూము టైల్స్ పాతవైతే తర్వాత మార్చుకోవచ్చు. ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగేది నేల విలువే, కట్టడం విలువ తగ్గుతూ పోతుంది. పాత సబర్బ్‌లో మీరిచ్చే డబ్బులో ఎక్కువ భాగం నేలకే పోతుంది.

కొనే పద్ధతి గురించి క్లుప్తంగా. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) లేనివాళ్ళు పాత ఇల్లు కొనకుండా 2025 ఏప్రిల్ 1 నుంచి నిషేధం పెట్టారు. కొత్త ఇల్లయినా అనుమతి కావాలి, విక్టోరియాలో అదనంగా 8 శాతం డ్యూటీ పడుతుంది, కాబట్టి పీఆర్ వచ్చేదాకా ఆగండి. పీఆర్ ఉంటే మొదటి ఇల్లు 5 శాతం డిపాజిట్‌తో కొనే కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. 2025 అక్టోబరు నుంచి దానికి ఆదాయ పరిమితి తీసేశారు, మెల్‌బోర్న్‌లో 9,50,000 డాలర్ల ఇంటి వరకు వర్తిస్తుంది. కానీ 95 శాతం అప్పు మీద వాయిదా ఎంతో, ఒక్క జీతం మీద కట్టగలరో లేదో చూసుకోండి. శనివారం ఆక్షన్‌లో చెయ్యెత్తి గెలిస్తే వెనక్కి తగ్గే వీలు లేదు, సాధారణంగా 10 శాతం అక్కడికక్కడే కట్టాలి. మామూలు అమ్మకంలో మనసు మార్చుకోవడానికి మూడు పనిదినాల గడువు ఉంటుంది. ఆక్షన్‌కు ముందూ వెనకా మూడు పనిదినాల్లో కొంటే ఆ గడువు కూడా ఉండదు. అమ్మేవాళ్ళు ఇచ్చే సెక్షన్ 32 అనే కాగితాల కట్టను ఆక్షన్‌కు ముందే కన్వేయన్సర్‌కు (ఆస్తి కాగితాలు చూసే నిపుణుడికి) చూపించండి. మన లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించినట్టే.

చివరగా, తిరుపతి ప్లాటు అమ్మి డిపాజిట్ కట్టాలనుకునేవాళ్ళకు. ప్లాటు నాన్న పేరు మీద ఉంటే ఆయన ఏడాదికి 2,50,000 అమెరికా డాలర్ల వరకు పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, అది ఆయన రిటర్న్‌లో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. ప్లాటు మీ పేరు మీద ఉంటే కొనేవాడు ఎన్నారై లెక్కన టీడీఎస్ కోసుకోవాలి, డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలోకి (ఎన్నారైలకు ఇక్కడ ఉండే బ్యాంకు ఖాతా) వెళ్ళి, అక్కడి నుంచి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌తో బయటికి రావాలి. నాన్న పంపిందైతే అక్కడి బ్యాంకు గిఫ్ట్ లెటర్ అడుగుతుంది. మంచి బేరం దొరికినా ఇదంతా నెలల పని. అక్కడ సెటిల్‌మెంట్ తేదీకి, అంటే మిగతా సొమ్ము కట్టి ఇల్లు తీసుకునే రోజుకు డబ్బు అందకపోతే కట్టిన 10 శాతం పోయే ప్రమాదం ఉంది. అందుకని ముందు ఇక్కడ రిజిస్ట్రేషన్ అయిపోనివ్వండి, డబ్బు మీ ఆస్ట్రేలియా ఖాతాలో పడనివ్వండి, ఆ తర్వాతే ఆక్షన్లకు వెళ్ళండి. సెటిల్‌మెంట్‌కు 90 రోజులు ఇస్తారేమో కన్వేయన్సర్‌తో అడిగించండి, చాలామంది అమ్మేవాళ్ళు ఒప్పుకుంటారు.