చెన్నై జార్జ్ టౌన్‌లో మా తాతల నాటి ఇటుక ఇంటి గోడలు రాలుతున్నాయి. సిమెంట్ పూత వేయించాలా, పడగొట్టాలా?

సిమెంట్ జోలికి మాత్రం పోకండి. పడగొట్టే సంగతి తర్వాత చూద్దాం.

మాదీ అక్కడే, కన్యకాపరమేశ్వరి గుడి దగ్గర సందులో. కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్ 1996లో కోయంబేడుకు తరలిపోయేదాకా వీధి గది అద్దెతోనే ఇంటి మరమ్మతులు జరిగేవి. ఆ తర్వాత మా పెద్దనాన్నకు ఓ కాంట్రాక్టరు తగిలాడు. సున్నం గీకేసి సిమెంట్ పూసి, పైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టాడు. కొన్నాళ్ళు గోడ కొత్త పెళ్ళికొడుకులా మెరిసింది. తర్వాత బుడగలు.

చివరికి ఓ ముసలి మేస్త్రీని పిలిచాం. కర్రతో గోడంతా తట్టుకుంటూ పోయాడు. డొల్ల మోత. ఓ అంచున ఉలి పెట్టి లేపితే తలుపంత పెచ్చు ఊడిపడింది. కత్తిరి ఎండల కాలం, చుక్క వాన లేదు. లోపల ఇటుక తడిగా ఉంది! వేలితో గీస్తే ఎర్రటి పొడి. సిమెంట్ తగలని వెనక గది గోడ మాత్రం మరకలు తప్ప రాయిలా ఉంది. నాకింకే రుజువూ అక్కర్లేదు. ఇటుక నేలలోని చెమ్మ పీలుస్తుంది, సున్నం దాన్ని ఆరనిస్తుంది. సిమెంట్ మూత బిగిస్తే ఉప్పు లోపలే పేరుకుని ఇటుకను తినేస్తుంది.

ఆయన పాడైన ఇటుకలు మార్చి, కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో సున్నం కలిపాడు. పని జరిగినన్నాళ్ళూ పులిసిన కంపు, ఈగలు. "ఇల్లు బాగుచేస్తున్నారా, సారా కాస్తున్నారా?" అని మా అత్తయ్య గోల.

మీదీ మద్రాస్ టెర్రస్ మిద్దే అయ్యుంటుంది: టేకు దూలాలు, వాటి మీద అంచున నిలబెట్టిన పలచటి ఇటుకలు, ఆపైన సున్నం కలిపి దంచిన ఇటుక ముక్కలు. దాని మీద కాంక్రీటు పోయించి బరువు పెంచకండి. గోడలోకి దూరిన దూలాల కొసలు చూడండి, ముందు పుచ్చేవి అవే.

అసలు దొంగ రోడ్డు. పాతది గీకకుండా తారు మీద తారు పోస్తూ వచ్చారు. మెట్లెక్కి చేరే మా అరుగు ఇప్పుడు రోడ్డుకంటే పల్లంలో ఉంది, వానొస్తే మురుగంతా నడవలోకే. ఎన్ని అర్జీలు పెట్టినా పలికేవాడు లేడు. ఇల్లు పాతబడింది అంటారు గానీ, పూడ్చేశారు అనరేం?

వానాకాలం అక్టోబరులో మొదలయ్యేలోపు కింది భాగంలో ఇప్పటికే సిమెంట్ పూత ఉంటే తీయించి గోడను ఆరనివ్వండి. ఈలోగా బిల్డర్లు ఫోన్ చేస్తే అన్నదమ్ముల పంపకాల కేసు కోర్టులో ఉందని చెప్పండి, మళ్ళీ చేయరు.