94 దగ్గరే ఆగుతోందా? ముందు వైరు చూడండి

ప్రశ్న: మాది 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. కింద హాల్లో ఫోన్‌లో చూస్తే 190 దాకా వస్తోంది. మేడ మీద గదిలో చిన్న సర్వర్ పెట్టుకుని, కింది నుంచి దానికి వైరు లాగించాను. అక్కడ మాత్రం ఎప్పుడు చూసినా 94 దాటదు. షాపువాళ్లు రౌటర్ మార్చమంటున్నారు. 2.5 గిగాబిట్ స్విచ్ కొంటే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. మీ జబ్బేమిటో ఆ 94 చెప్పేస్తోంది. ఒకసారి 80, ఒకసారి 130 వస్తుంటే రౌటర్నో వైఫైనో అనుమానించాలి. ఎప్పుడూ 94 దగ్గరే ఆగుతోందంటే, ఆ వైరు మీద లింకు 100 ఎంబీపీఎస్‌కి పడిపోయిందన్నమాట. ప్రతి ప్యాకెట్‌కీ తగిలించే హెడర్లకు ఐదారు శాతం పోతే మిగిలేది అంతే.

గిగాబిట్ నడవాలంటే వైరులోని ఎనిమిది తీగలూ, అంటే నాలుగు జతలూ, పనిచేయాలి. 100కైతే రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ సరిగ్గా కూర్చోకపోయినా రెండు వైపులా ఉన్న పరికరాలు నోరు మెదపకుండా 100కి దిగిపోతాయి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కొందరు వైరింగ్ కుర్రాళ్లు నాలుగు తీగలే ప్లగ్గులో పెట్టి నొక్కేసి (క్రింప్ చేసి), మిగతా నాలుగూ కత్తిరించి వెళ్లిపోతారు. నెట్ వచ్చిందిగా అంటారు!

రెండు కొసల్లోనూ ప్లగ్గుని వెలుతురుకి పెట్టి చూడండి. క్లిప్పు కిందికి, ప్లగ్గు మూతి అవతలికి ఉండాలి. ఎడమ నుంచి వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎనిమిదీ ప్లగ్గు చివరిదాకా వెళ్లాయో లేదో చూడండి. నీలం, గోధుమ జతలు కనిపించకపోతే దొంగ దొరికినట్టే. ప్లగ్గు కోసేసి, ఎనిమిది తీగలతో కొత్తది వేయించండి. సర్వర్‌లో లినక్స్ ఉంటే లింకు వేగం చూపించే ఈథ్‌టూల్ కమాండ్ ఇవ్వండి, స్పీడ్ దగ్గర 1000 కనబడాలి.

అయినా రాకపోతే తీగ కొసని చాకుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం మీద పూసిన రాగి. పైన క్యాట్ 6 అని ఎంత పెద్దగా రాసున్నా దాన్ని నమ్మొద్దు. అసలు రాగి అయితే దానికంటే కింది రకమైన క్యాట్ 5ఈ కూడా 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, 2.5 కూడా మోస్తుంది.

ఇంకో మాట. ఆ వైరు బయటి గోడ మీదుగా మేడెక్కుతోందా? అలాగైతే పిడుగుల కాలం రాకముందే దాన్ని ఫైబర్‌కి మార్చండి. రాగి వైరునీ ఫైబర్‌నీ కలిపే చిన్న పెట్టెలు (మీడియా కన్వర్టర్లు) రెండు, మధ్యలో లోపల ఇనుప తీగ లేని రకం ఫైబరు. దగ్గర్లో పిడుగు పడితే పొడుగాటి రాగి వైరు రెండు వైపుల పోర్టుల్నీ కాల్చేయగలదు.

ప్రశ్న: మా ఆఫీసులో పాత ర్యాక్ సర్వర్ తీసేస్తున్నారు. రెండు జియాన్ ప్రాసెసర్లు, 128 జీబీ ర్యామ్. 8,000 రూపాయలకి ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కరెంటు లెక్క వేసుకున్నాక చెప్పండి. అలాంటి పెట్టె ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 120 వాట్లు లాగడం మామూలే. నెలకి 86 యూనిట్లు. మనవి స్లాబు బిల్లులు కాబట్టి వీటికి పడేది పై స్లాబు రేటు. 200 యూనిట్ల లోపు వాడి గృహజ్యోతి జీరో బిల్లు పొందుతున్న ఇల్లయితే మీటరు ఆ 200 దాటించడానికి ఇదొక్కటి చాలు. చప్పుడు సంగతి సరేసరి, ఆ చిన్న ఫ్యాన్ల కూత తలుపేసుకున్నా పక్క గదిలోకి వినిపిస్తుంది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి పనికిరాని 6, 7వ తరం ఐ5 మినీ పీసీలను ఆఫీసులు వదిలించుకుంటున్నాయి. ఆప్టిప్లెక్స్ మైక్రో, థింక్‌సెంటర్ టైనీ లాంటివి. మనం ఎక్కించేది ప్రాక్స్‌మాక్సో డెబియనో, అంటే లినక్స్, కాబట్టి మనకి ఆ బెడద లేదు. ఖాళీగా ఉన్నప్పుడు పది వాట్ల చుట్టుపక్కలే తాగుతాయి, అంటే నెలకి ఏడు యూనిట్లు. సర్వర్లోని వీడియోలు చూపించే జెల్లీఫిన్‌లో సినిమాలు చూసే ఆలోచన ఉంటే 7వ తరం లేదా ఆ పైది తీసుకోండి, 10 బిట్ హెచ్‌ఈవీసీ అనే ఫార్మాట్ వీడియో దానికి భారం కాదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో బేరమాడేటప్పుడు డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్ చూపించమనండి. 5, 197 నంబర్ల ఎదురుగా రా వాల్యూ గడిలో సున్నా లేకపోతే ఆ డిస్క్ వదిలేయండి.

ఆఫీసు సర్వర్ల పని నేర్చుకోవాలనే కోరికుంటే మాత్రం ఆ 8,000 దండగ కాదు. ఆదివారం ఆన్ చేసుకుని, పనయ్యాక ఆపేయండి.

ప్రశ్న: కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపే సర్వర్ రీస్టార్ట్ అవుతోంది.
— ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అటు తిప్పండి. అప్పటికీ ఆగకపోతే సర్వర్ వరకు చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

ప్రశ్న: మా ఫోటోలన్నీ ఇక్కడ ఇంటి సర్వర్‌లో, ఇమ్మిచ్ అనే ఫోటోల సాఫ్ట్‌వేర్లో ఉన్నాయి. రెండు డిస్కుల మిర్రర్, అంటే రెండింట్లోనూ అదే డేటా. గుంటూరులో అమ్మావాళ్లింట్లో ఇంకో కాపీ ఉంచుదామని, మొన్న వచ్చినప్పుడు ఓ మినీ పీసీ పెట్టి వచ్చాను. బయటి నుంచి దానికి దారిచ్చేలా అక్కడి రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేశాను కానీ ఇక్కణ్నుంచి అందట్లేదు.
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మీరు చేసింది చాలా మంచి పని. మిర్రర్ అనేది డిస్క్ పోతే ఆదుకుంటుంది కానీ, పొరపాటున ఆల్బమ్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది.

గుంటూరు రౌటర్‌లో వాన్ అడ్రస్ (నెట్ కంపెనీ రౌటర్‌కిచ్చిన ఐపీ) చూడమనండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆ ఇల్లు సీజీనాట్ వెనక ఉంది. చాలా ఇళ్లకి కలిపి ఒకటే పబ్లిక్ అడ్రస్. మీరు ఫ్లాట్ తలుపు తీసిపెట్టారు, అపార్ట్‌మెంట్ గేటు తాళం నెట్ కంపెనీ చేతిలో ఉంది. నెలనెలా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవచ్చు, అంత అవసరం లేదు. రెండు పెట్టెల్నీ నెట్ మీదుగా ప్రైవేటుగా కలిపే టెయిల్‌స్కేల్‌ని రెండు వైపులా వేయండి. లేదా మీ ఫ్రిస్కో ఇంటికి పబ్లిక్ అడ్రస్ ఉంటే, గుంటూరు పెట్టె నుంచే అక్కడికి అలాంటిదే అయిన వైర్‌గార్డ్ కలిపించండి. కీప్‌అలైవ్ 25 సెకన్లు పెడితే దారి మూసుకుపోదు.

మొదటి కాపీని నెట్‌లో పంపకండి. 2 టీబీ ఫోటోలు 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో తొమ్మిది రోజులకు పైనే పడుతుంది. వచ్చేవాళ్లెవరితోనైనా డిస్క్ పంపితే నయం. డేటాని రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌క్రిప్ట్ చేయండి, పాస్‌వర్డ్ రెండు చోట్ల రాసిపెట్టండి. అప్పుడప్పుడు గుంటూరు నుంచి ఓ ఫోటో వెనక్కి తెచ్చి తెరిచి చూడండి.

బయోస్‌లో, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టి వచ్చారా? లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా నాన్నగారికి ఫోన్ చేసి బటన్ నొక్కమనాలి. దూరం నుంచి అది మార్చడం మామూలుగా కుదరదు, మానిటర్, కీబోర్డు తగిలించే మనిషి ఆ ఇంట్లో ఉండాలి.