చిన్న కాన్ఫరెన్స్‌లో గెలిచిన కోచ్ పెద్ద కాన్ఫరెన్స్‌లో నెగ్గుకొస్తాడా?

నెగ్గుకురావచ్చు. అయితే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో (అక్కడ కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీ జట్ల గుంపు) గెలుపుల లెక్క ఒక్కటే చూసి కోచ్‌ని తీసుకుంటే మోసపోతారు. కాన్ఫరెన్స్ లోపలి మ్యాచ్‌లలో ఒకరు గెలిస్తే ఇంకొకరు ఓడాల్సిందే. కాబట్టి ఆ కాన్ఫరెన్స్ ఎంత గట్టిదో వాటివల్ల తెలియదు, బయటి జట్లతో ఆడినప్పుడే తెలుస్తుంది. ఎక్కడ ఆడారన్నదీ ముఖ్యమే: కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కలో సొంత కోర్టులో టాప్ 30 జట్టుపై గెలుపూ, వాళ్ల కోర్టుకెళ్లి టాప్ 75 జట్టుపై గెలుపూ ఒకే తరగతి.

కోచ్ డస్టీ మే సంగతే చూడండి. కాన్ఫరెన్స్ యూఎస్‌ఏ అనే చిన్న కాన్ఫరెన్స్‌లో ఉన్న ఆయన జట్టు ఫ్లోరిడా అట్లాంటిక్, 2023 జాతీయ టోర్నమెంట్‌లో పెద్ద కాన్ఫరెన్స్‌ల జట్లైన టెనెస్సీని, కాన్సస్ స్టేట్‌ని ఓడించి ఫైనల్ ఫోర్‌కి (చివరి నాలుగు జట్లలోకి) చేరింది. నాకైతే ఆ రెండు గెలుపులే అసలు రుజువు. 2024లో బిగ్ టెన్ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లోని మిషిగన్ ఆయన్ని తీసుకుంది. అంతకుముందు సీజన్‌లో 24 మ్యాచ్‌లు ఓడిన ఆ జట్టు, ఆయన తొలి ఏడాదే బిగ్ టెన్ టోర్నమెంట్ కప్పు కొట్టింది.