పింగాణీ చదివితే కప్పులే చేయాలా?

హన్మకొండ నుంచి ఒక నాన్నగారు అడిగారు: "మా పాపకు రూర్కెలా ఎన్‌ఐటీలో సెరామిక్ ఇంజినీరింగ్ వచ్చింది. కప్పులు, సాసర్లు చేస్తుందా అని చుట్టాలు నవ్వుతున్నారు. హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ ఏఐ సీటు కొనేద్దామా? రెండింటినీ పోల్చి చెప్పండి."

సార్, ఏటా ఇదే ప్రశ్న, కాలేజీ పేరొక్కటే మారుతుంది. మీ టెన్షన్ బ్రాంచి గురించి కాదు, రేపు పెళ్లిలో ఎవరైనా "పాప ఏం చదువుతోంది" అంటే ఏం చెప్పాలా అని.

ఒకసారి మీటర్ బోర్డు దగ్గరికెళ్లండి. పాత బోర్డయితే, ఫ్యూజ్ పోయినప్పుడు చేత్తో పట్టుకుని లాగే ఆ తెల్ల గ్రిప్పు పింగాణీదే. లోపల తీగ మాడిపోయినా అది కరగదు, అంటుకోదు, మసి తుడిచి కొత్త తీగ చుట్టి మళ్లీ పెట్టేస్తాం. కరెంటు స్తంభం మీద తీగను పట్టుకునే ఇన్సులేటరూ దాని చుట్టమే. చైనా క్లే, ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ కలిపి 1,200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు, అందుకే రామగుండం ఎండ దాన్నేం చేయలేదు, పైన గ్లేజ్ ఉంటుంది కాబట్టి దుమ్ము పట్టినా వానకు చాలావరకు కడుక్కుపోతుంది. గొడుగుల్లాంటి ఆ అంచులు అందానికి కాదు, తడిసినా కరెంటు పాకాల్సిన దారి పొడవవ్వాలని. బండి స్పార్క్ ప్లగ్‌లో తెల్లగా కనిపించే అల్యూమినా అనే సెరామిక్ ఇంకా గట్టిది. అల్యూమినియం నైట్రైడ్ అనే మరో సెరామిక్ అయితే కరెంటును ఆపి వేడిని మాత్రం పోనిస్తుంది, ఎక్కువ కరెంటును నడిపే పవర్ ఎలక్ట్రానిక్స్‌కు కావాల్సిందే అది.

పెళుసు, బరువు అన్న మాట నిజమే. రాయి తగిలితే పగులుతుంది, పెద్ద లైన్లలో సిలికోన్ రబ్బరు పోటీకి వచ్చింది. ఆ పోటీలో పని చేసేదీ మెటీరియల్స్ చదివినవాళ్లే కదా.

ఇక ఏఐ. చాలా చోట్ల బోర్డు కొత్తది, లోపల పాత సీఎస్ఈనే, చెప్పే సార్లూ వాళ్లే. దానికి లక్షలు పోసి, నాలుగేళ్ల తర్వాత మార్కెట్ ఎలా ఉంటుందో మీరు గ్యారంటీ ఇస్తారా? నేనైతే ఇవ్వను. కోడింగ్ రూర్కెలాలోనూ నేర్చుకోవచ్చు, బ్రాంచి చూడకుండా పరీక్ష రాయనిచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీలూ ఉన్నాయి. సెరామిక్ ఉద్యోగాలు మాత్రం హన్మకొండలో ఇంటి పక్కన దొరకవు, దూరం పంపాల్సిందే.

ఇంత రాశారు గానీ పాపకు ఏమిష్టమో ఒక్క ముక్క లేదు. ఈ రాత్రి అడగండి, చుట్టాలు లేనప్పుడు. ఆప్షన్లలో వరంగల్ ఎన్‌ఐటీ మెటలర్జీ పైన పెట్టి ఉంటే ఫ్లోట్ ఎంచుకోండి, అంటే ఈ సీటు చేతిలో ఉంచుకుని పై ఆప్షన్ కోసం చూడటం. సొంత రాష్ట్రం కోటా ఉంది కాబట్టి తర్వాతి రౌండ్‌లో రావచ్చేమో, చెప్పలేం. ఫీజు మాత్రం గడువులోపు కట్టేయండి.